బాధితురాలి పేరు చెప్పి చట్టాన్ని చంపొద్దు

2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పొద్దెక్కేసరికి అక్కడి వంతెన జనంతో నిండిపోయింది. పోలీసుల మీద పూలు చల్లారు, వాళ్లను భుజాలకెత్తుకున్నారు, ఆడవాళ్లు రాఖీలు కట్టారు. ఆ రోజు టీవీల్లో, బస్సుల్లో, ఆఫీసుల్లో వినపడిన మాట ఒక్కటే: మానవ హక్కులు మనుషులకేగానీ మృగాలకు కాదు. ఏళ్లు గడిచినా ఆ మాట తగ్గలేదు, బలపడింది. ఇవాళ ఏ ఊళ్లో ఆడపిల్ల మీద అఘాయిత్యం జరిగినా సాయంత్రానికల్లా "ఎన్‌కౌంటర్ చెయ్యాలి" అన్న నినాదం వస్తుంది. దాన్ని కాదన్నవాడు నేరస్తుడి పక్షం వహించినట్టు లెక్క.

ఆ వాదాన్ని ముందు దాని పూర్తి బలంతో చెప్పుకోవాలి. ఒక పశువైద్యురాలిని శంషాబాద్ దగ్గర రాత్రిపూట టోల్‌ప్లాజా పక్కన మాటు వేసి పట్టుకున్నారు. చెరిచారు, చంపారు, తగలబెట్టారు. అలాంటి వాళ్లకు లాయరు, బెయిలు, అప్పీలు ఎందుకు? 2012లో ఢిల్లీ బస్సులో జరిగిన నేరానికి దోషులను ఉరితీసేసరికి 2020 మార్చి వచ్చింది. అన్నేళ్లు ఆ తల్లి కోర్టు మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉండాలా? హక్కుల సంఘాల వాళ్లకు నిందితులు కనపడతారుగానీ చచ్చిపోయిన పిల్ల కనపడదా? కాబట్టి ఘోరమైన నేరాల్లో కోర్టులు హక్కుల మాట పక్కనపెట్టాలి, చట్టసభలు విచారణను కుదించి ఉరి వేసే చట్టాలు చెయ్యాలి, అప్పటిదాకా పోలీసులు చేసేదే న్యాయం. ఇదీ వాదన.

ఇందులోని కోపం నిజమైనది. ఆడపిల్లల్ని కన్నవాళ్ల భయం అందులో ఉంది, దాన్ని చిన్నచూపు చూసే అర్హత ఎవరికీ లేదు. వాదన మాత్రం తప్పు. నిందితుల మీద జాలితో నేనీ మాట అనడం లేదు. ఈ వాదం మొదట దెబ్బ కొట్టేది బాధితురాలినే. ఆమెకు చట్టంలో ఉన్న కొద్దిపాటి బలమంతా హక్కుల రూపంలోనే ఉంది. దాన్ని ఊడబెరికి, ఆమె పేరు మీదే ఊరేగిస్తున్నారు.

ఆ పశువైద్యురాలు హత్యకు గురైన 2019 నవంబర్ 27 రాత్రికి వెళదాం. కూతురు ఫోన్ ఎత్తడం లేదని ఆ కుటుంబం పోలీసుల దగ్గరికి పరిగెత్తింది. ఇది మా పరిధిలోకి రాదు, ఇంకో స్టేషన్‌కు వెళ్లండి అన్నారని, తిప్పారని, విలువైన గంటలు పోయాయని ఆ కుటుంబమే చెప్పింది. ఆరోపణలో నిజం ఉంది కాబట్టే సైబరాబాద్ కమిషనర్ ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారు. ఫిర్యాదు వచ్చిన వెంటనే నమోదు చెయ్యాలి, పరిధి పేరుతో తిప్పి పంపకూడదు. ఈ నియమం ఎక్కడినుంచి వచ్చింది? లలితాకుమారి కేసులో 2013లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కేసు పెట్టదగిన నేరం గురించి సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ నమోదు తప్పనిసరి అంది. అదే ఏడాది జనవరిలో జస్టిస్ వర్మ కమిటీ ఇచ్చిన నివేదిక పోలీసుల ఈ జబ్బును గట్టిగా పట్టుకుంది. దాని ఫలితంగానే లైంగిక నేరాల్లో ఫిర్యాదు తీసుకోని అధికారికి జైలుశిక్ష పడేలా శిక్షాస్మృతిలో 166ఏ సెక్షన్ చేరింది. జీరో ఎఫ్‌ఐఆర్ అన్న మాట జనానికి తెలిసిందీ ఆ తర్వాతే.

ఇదంతా మానవ హక్కుల చర్చలో పుట్టినదే. పోలీసు చెప్పిందే వేదం కాదు, అతను కూడా చట్టానికి జవాబు చెప్పాలి అన్న సూత్రం నుంచి పుట్టినదే. లాకప్‌లో ఉన్నవాణ్ణి కొట్టకూడదన్నా, గుమ్మం ముందు నిలబడ్డ తండ్రిని తిప్పి పంపకూడదన్నా ఆధారం ఆ ఒక్క సూత్రమే. మొదటిది వద్దు, రెండోది మాత్రం కావాలి అంటే కుదరదు. చంపినా అడిగేవాడు లేడని తెలిసిన పోలీసు, ఫిర్యాదు తీసుకోకపోయినా అడిగేవాడు లేడని నేర్చుకుంటాడు. చటాన్‌పల్లిలో పూలు పడ్డాక శంషాబాద్ స్టేషన్ల గురించి అడిగినవాళ్లు ఎంతమంది? ఆ రాత్రి ఏ గంటకు ఎవరు ఏం చేశారు, జాతీయ రహదారి పక్కన గస్తీ ఏమైంది, టోల్‌ప్లాజా కెమెరాల్లో ఏముంది అన్న ప్రశ్నలన్నీ కోర్టులో సాక్ష్యాలతో బయటికి రావలసినవి. నిందితులు చనిపోతే వాళ్లమీద విచారణ ఉండదు. విచారణ లేనప్పుడు ఆ తల్లిదండ్రులకు తమ బిడ్డకు ఏం జరిగిందో ఏ న్యాయమూర్తీ రాసి ఇవ్వడు. వాళ్ల చేతికి పోలీసుల పత్రికా ప్రకటన మాత్రమే మిగిలింది.

మరి కాల్పుల నిజమెంత? సుప్రీంకోర్టు ఆ నెల 12నే మాజీ న్యాయమూర్తి వి.ఎస్. సిర్పూర్కర్ అధ్యక్షతన విచారణ కమిషన్ వేసింది. బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి రేఖా బల్దోటా, సీబీఐ మాజీ డైరెక్టర్ కార్తికేయన్ సభ్యులు. ఒక సభ్యుడు జీవితమంతా పోలీసు దుస్తుల్లో గడిపినవాడన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఇది హక్కుల సంఘం రాసిన కరపత్రం కాదు. 387 పేజీల నివేదిక 2022 జనవరిలో అందింది. నిందితులు తుపాకులు లాక్కోలేదని, పారిపోబోలేదని, పోలీసుల మీద కాల్పులు జరపలేదని, చంపాలనే ఉద్దేశంతోనే వాళ్లను కాల్చారని కమిషన్ తేల్చింది. 10 మంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరగాలని సిఫార్సు చేసింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. నివేదికను సీల్డు కవరులోనే ఉంచాలని తెలంగాణ ప్రభుత్వం కోరితే, మన తెలుగువాడైన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ నేతృత్వంలోని ధర్మాసనం 2022 మే 20న ఒప్పుకోలేదు. బహిరంగం చేసి, తదుపరి చర్యల కోసం హైకోర్టుకు పంపింది.

ఆ నలుగురికి దక్కిన చట్టం ఎంత? రిమాండ్ రోజున జనం స్టేషన్ చుట్టుముట్టారని తహసీల్దార్‌నే స్టేషన్‌కు పిలిపించి రిమాండ్ వేయించారు. షాద్‌నగర్ న్యాయవాదులు వాళ్ల తరఫున నిలబడబోమని తీర్మానం చేశారు. ఈ తీర్మానం సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. నల్లకోటు వేసుకున్న మనిషి చెయ్యవలసిన ఒకే ఒక్క పని నుంచి తప్పుకుని, అది దేశభక్తి అనుకున్నారు. వాళ్లకు ఒక లాయరుంటే, ఒకే ఒక్క మేజిస్ట్రేట్ వాళ్లను కళ్లెదుట నిలబెట్టి వయసు అడిగి ఉంటే, స్కూలు రికార్డు తెమ్మని ఉంటే ఆ ముగ్గురి వయసు కాల్పులకు ముందే బయటపడేది.

కోర్టులు ఆలస్యం చేస్తాయి కాబట్టే ఇదంతా అంటారు. అదే నెలలో, అదే రాష్ట్రంలో జరిగిన ఇంకో నేరాన్ని వీళ్లు ఎందుకు గుర్తు చేసుకోరు? 2019 నవంబర్ 24న, అంటే శంషాబాద్ ఘటనకు మూడు రోజుల ముందు, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో ఊరూరా తిరిగి చిన్నచిన్న సరుకులమ్ముకుని బతికే ఒక దళిత మహిళపై ముగ్గురు అత్యాచారం చేసి చంపేశారు. ఆమెను సమత అన్న మారుపేరుతో పిలిచారు. ఆమె కోసం టోల్‌ప్లాజాల దగ్గర కొవ్వొత్తులు వెలగలేదు. ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు సాక్షుల్ని విని, నిందితులకు లాయరును ఇచ్చి, 2020 జనవరి 30న ముగ్గురినీ దోషులుగా తేల్చి మరణశిక్ష వేసింది. నేరం జరిగిన దగ్గర్నుంచి తీర్పు దాకా రెండు నెలల పైచిల్లర. అదే 2019 జూన్‌లో హన్మకొండలో 9 నెలల పసికందును చంపినవాడికి ఆగస్టు 8న వరంగల్ కోర్టు శిక్ష వేసింది. ఆ మరణశిక్షను తర్వాత హైకోర్టు యావజ్జీవంగా మార్చింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో వెలుగుచూసిన హాజీపూర్ బాలికల హత్యల కేసులో నల్గొండ కోర్టు 2020 ఫిబ్రవరి 6న తీర్పు చెప్పింది. ఉరిశిక్షను నేను సమర్థించను, అది వేరే చర్చ. ఇక్కడ చెప్పదలచింది ఒక్కటే. ప్రభుత్వం తలచుకున్న చోట కోర్టు నెలల్లోనే, హక్కులేవీ తీసెయ్యకుండానే, నేరాన్ని రుజువు చెయ్యగలిగింది. చటాన్‌పల్లి కాల్పులు ఆ అవకాశాన్ని మింగేశాయి.

ఆలస్యం ఎక్కడుందో అక్కడ దాన్ని పెంచి పోషించింది ఎవరు? జనాభాలో ప్రతి 10 లక్షల మందికి 50 మంది జడ్జీలుండాలని లా కమిషన్ 1987లోనే చెప్పింది. ఇప్పటికీ మంజూరైన సంఖ్య 21 దగ్గరే తచ్చాడుతోంది, అందులోనూ ఖాళీలు. ఛార్జిషీటు పడ్డ రెండు నెలల్లో అత్యాచార కేసుల విచారణ పూర్తికావాలన్న నిబంధన చట్టంలో ఏనాటినుంచో ఉంది. డీఎన్‌ఏ నివేదికలు రావు, పబ్లిక్ ప్రాసిక్యూటర్ల పోస్టులు నింపరు, దర్యాప్తు చేసే ఎస్సైనే బందోబస్తుకూ పంపుతారు. దేశంలోని జైళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురు తీర్పు రాని విచారణ ఖైదీలే. ఈ ఆలస్యం నిందితుడి హక్కుల వల్ల రాలేదు. జడ్జీలకు, ల్యాబులకు డబ్బివ్వని బడ్జెట్ల వల్ల వచ్చింది. తను చేసిన ఆలస్యాన్నే సాకుగా చూపి తుపాకీ ఎత్తే ప్రభుత్వం నుంచి మనం లెక్క అడగాలి, దానికి దండ వెయ్యకూడదు.

ఇక చట్టసభల పాత్ర. ఎన్‌కౌంటర్ జరిగిన మూడో రోజున, డిసెంబర్ 9న, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి నిలబడి తెలంగాణ ముఖ్యమంత్రిని, పోలీసులను అభినందించారు. అంతకు వారం ముందు రాజ్యసభలో ఒక సభ్యురాలు ఇలాంటి నిందితులను బహిరంగంగా జనానికి అప్పజెప్పాలని కోరారు. 2021లో హైదరాబాద్ సైదాబాద్‌లో ఆరేళ్ల పాపను చంపిన కేసులో నిందితుణ్ణి ఎన్‌కౌంటర్ చేస్తామని ఒక రాష్ట్ర మంత్రి కెమెరాల ముందే ప్రకటించారు. కొద్ది రోజులకే ఆ నిందితుడు రైలు పట్టాల మీద శవమై దొరికాడు. శాసనం చేసే సభలో కూర్చున్నవాడు శాసనం అక్కర్లేదని ప్రకటించడం మామూలు నోరుజారడం కాదు. రాజ్యాంగం మీద చేసిన ప్రమాణాన్ని సభలోనే వెనక్కి తీసుకోవడం అది.

జగన్ ప్రభుత్వం అదే సమావేశాల్లో, డిసెంబర్ 13న, శంషాబాద్ బాధితురాలి మారుపేరుతో దిశ బిల్లును ఆమోదింపజేసింది. ఏడు పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ, మొత్తం 21 రోజుల్లో తీర్పు, దోషికి ఉరి. వినడానికి బలంగా ఉంది. కానీ ఏడు రోజుల్లో ఏ ల్యాబు డీఎన్‌ఏ ఇస్తుందో, 14 రోజుల్లో బాధితురాలి తల్లి షాక్ నుంచి తేరుకుని సాక్ష్యం ఎలా చెబుతుందో ఆ బిల్లు ఆలోచించలేదు. హడావుడిగా నడిపిన విచారణ అప్పీలులో కూలిపోతే నష్టం ఎవరికి? డిఫెన్సు లాయరుకు కాదు, ఆ తల్లికే. కేంద్ర చట్టాలను మార్చే బిల్లు కాబట్టి రాష్ట్రపతి ఆమోదం కావలసి వచ్చింది, అది రాలేదు. దిశ పేరుతో పోలీస్ స్టేషన్లు, ఒక యాప్ వచ్చాయిగానీ చట్టం అమల్లోకి రానేలేదు. ఉన్న చట్టం ప్రకారమే ఒక్కో జిల్లాకు రెండు ప్రత్యేక కోర్టులు, సరిపడా ప్రాసిక్యూటర్లు ఇచ్చి ఉంటే ఆంధ్రలో ఎంతమంది ఆడవాళ్లకు ఈపాటికి తీర్పులు చేతికొచ్చేవో!

కోపంలో చేసిన చట్టం మొదట ఎవరి కోసమో చేసినట్టే కనిపిస్తుంది. తర్వాత అది అందరి మీదా పనిచేస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత చూడండి. జీరో ఎఫ్‌ఐఆర్‌ను చట్టంలోకి తేవడం మంచి పని, దాన్ని స్వాగతించాలి. అదే చట్టంలో, 15 రోజుల పోలీసు కస్టడీని మొదటి 40 లేదా 60 రోజుల్లో ముక్కలు ముక్కలుగా తీసుకోవచ్చన్నారు. బెయిలు దొరికే సమయానికి మళ్లీ కస్టడీ అడగడానికి దారి దొరికింది. విచక్షణ లేకుండా బేడీలు వెయ్యడాన్ని 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ తప్పుపడితే, కొత్త చట్టం కొన్ని నేరాలకు బేడీలను తిరిగి తెచ్చింది. రేపు భూమి కోసం ధర్నా చేసిన రైతు చేతికి అవి పడవని ఎవరైనా హామీ ఇవ్వగలరా?

హక్కుల వాళ్లకు బాధితులు పట్టరు అన్న ఆరోపణ నాకు అన్నిటికన్నా అన్యాయంగా తోస్తుంది, ఎందుకంటే మన తెలుగు నేల చరిత్ర దానికి పూర్తిగా విరుద్ధంగా ఉంది. 1978 మార్చిలో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో రమీజాబీ అనే మహిళపై పోలీసులు అత్యాచారం చేశారు. ప్రశ్నించిన భర్త, రిక్షా కార్మికుడు అహ్మద్ హుస్సేన్, పోలీసుల దెబ్బలకు చనిపోయాడు. ఊరంతా అట్టుడికింది. ఆమెను వేశ్య అని చిత్రించడానికి పోలీసులు చెయ్యని ప్రయత్నం లేదు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. రాయచూరు కోర్టు 1981లో వాళ్లను వదిలేసింది. ఆ కేసు, మహారాష్ట్రలో పోలీసుల చేతిలో అత్యాచారానికి గురైన మథుర కేసు కలిసి లేపిన ఉద్యమమే 1983లో కస్టడీ అత్యాచారాన్ని ప్రత్యేక నేరంగా చేసింది, అలాంటి కేసుల్లో సమ్మతి లేదన్న ఆమె మాటను కోర్టు నమ్మాలని చట్టంలో రాయించింది. ఆ రోజు వీధుల్లో నిలబడ్డవాళ్లలో మహిళా సంఘాలతో పాటు హక్కుల సంఘాలూ ఉన్నాయి.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. ప్రభుత్వ ప్లీడరుగా ఉన్న బొజ్జా తారకం ఆ ఉద్యోగానికి రాజీనామా చేసి బాధితుల పక్షాన నిలిచారు. ఆ ఊచకోత లేపిన ఆగ్రహం 1989 అత్యాచారాల నిరోధక చట్టం రావడానికి ఒక ముఖ్య కారణం. 1991లో చుండూరులో ఎనిమిది మందిని చంపాక, దళితులు పోరాడి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ తీర్పు ఇప్పటికీ మింగుడుపడదు. అయినా వాళ్లకు సుప్రీంకోర్టు తలుపు తట్టే దారి మిగిలింది. తుపాకీ గుండు మీద అప్పీలుండదు.

వాకపల్లి సంగతి ఇంకా చేదు. 2007 ఆగస్టులో విశాఖ మన్యంలోని ఆ ఊళ్లో తమపై గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆదివాసీ మహిళలు బయటికొచ్చి చెప్పారు. వాళ్ల వెంట నిలబడింది మానవ హక్కుల వేదిక, హక్కుల ఉద్యమకారుడు బాలగోపాల్ లాంటివాళ్లు. "ఆడపిల్లలకు న్యాయం" అని అరిచే గొంతుల్లో ఎన్ని ఆ కొండ ఎక్కాయి? నిందితులను కాల్చెయ్యమని అప్పుడు ఎవరూ అడగలేదు, ఎందుకంటే తుపాకులు ఉన్నది నిందితుల చేతుల్లోనే. 16 ఏళ్ల తర్వాత, 2023 ఏప్రిల్‌లో, విశాఖ ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులను విడిచిపెడుతూ, దర్యాప్తు అధికారులు తమ పని సరిగా చెయ్యలేదని చెప్పి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. పోలీసు నిందితుడైనప్పుడు బాధితురాలికి హక్కుల చట్టం తప్ప వేరే ఆయుధం ఉందా? ఆ చట్టాన్ని నేరస్తుల చట్టమని పిలిచేవాళ్లు వాకపల్లి వెళ్లి ఆ మాట చెప్పాలి.

ఎన్‌కౌంటర్లు ఎవరిని చంపాయో చూసినా ఇదే కనపడుతుంది. చటాన్‌పల్లిలో చనిపోయినవాళ్లు లారీ డ్రైవర్లు, క్లీనర్లు. 2015 ఏప్రిల్ 7న, ఒకే రోజున, శేషాచలం అడవుల్లో 20 మంది తమిళ కూలీలను, ఆలేరు దగ్గర పోలీసు వ్యానులో బేడీలతో ఉన్న ఐదుగురు విచారణ ఖైదీలను కాల్చి చంపారు. ఆలేరులో చనిపోయినవాళ్లను వరంగల్ జైలు నుంచి తీసుకెళుతున్నది హైదరాబాద్ కోర్టుకే. 2022లో జూబ్లీహిల్స్‌లో మైనరు బాలికపై అత్యాచారం కేసులో నిందితులు పలుకుబడి ఉన్న కుటుంబాల పిల్లలు. అక్కడ చట్టం చట్టంలా నడిచింది, నడవాలి కూడా. బాలల న్యాయ మండలి, లాయర్లు, బెయిలు పిటిషన్లు, అన్నీ ఉన్నాయి. అవి వాళ్లకు దక్కాయని నాకు ఫిర్యాదు లేదు. చటాన్‌పల్లిలో చనిపోయిన నారాయణపేట జిల్లా కుర్రాళ్లకు దక్కలేదన్నదే నా ఫిర్యాదు.

భయం పెడితే నేరాలు తగ్గుతాయంటారు. 2008 డిసెంబర్‌లో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ పోసిన కేసులో ముగ్గురు నిందితులను పోలీసులు కాల్చేశారు. అప్పుడూ దండలే, అప్పుడూ ఇక ఎవడూ ధైర్యం చెయ్యడన్న మాటే. 11 ఏళ్ల తర్వాత శంషాబాద్ జరిగింది. శంషాబాద్ తర్వాత సైదాబాద్ జరిగింది.

చివరికి అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. "నీ కూతురికే జరిగి ఉంటే ఇలాగే మాట్లాడతావా?" దీనికి జవాబు నా దగ్గర కాదు, నిజంగానే కూతుర్ని పోగొట్టుకున్న ఒక తల్లి దగ్గర ఉంది. 2007 డిసెంబర్ 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక బీఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. రాష్ట్రం అట్టుడికిపోయింది, ఒత్తిడి పెరిగింది. 2008 ఆగస్టులో పోలీసులు నందిగామ ప్రాంతానికి చెందిన ఒక పేద దళిత యువకుణ్ణి నేరస్తుడని ప్రకటించారు. కండరాలు చచ్చుబడే జబ్బుతో అతను సరిగా నడవలేని స్థితిలో ఉన్నాడని ఇంటివాళ్లు మొత్తుకున్నారు. హతురాలి తల్లిదండ్రులు మొదటినుంచీ ఒకటే మాట చెప్పారు: వీడు కాదు, అసలువాళ్లను దాచిపెడుతున్నారు అని. ఎవరూ వినలేదు. 2010లో విజయవాడ కోర్టు అతనికి జైలుశిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని తేల్చింది, లక్ష రూపాయలు ఇప్పించింది, దర్యాప్తు చేసిన పోలీసులను తప్పుపట్టింది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో మగ్గిన మనిషి బయటికొచ్చాడు.

2008 ఆగస్టులో అతన్ని కృష్ణా తీరాన ఎక్కడో కాల్చేసి, తుపాకీ లాక్కోబోయాడని చెప్పి ఉంటే ఏమయ్యేది? జనం పూలు చల్లేవాళ్లు, ఫైలు మూసేవాళ్లు. ఆ తల్లి "వీడు కాదు" అని ఇంకెవరికి చెప్పుకునేది? కోర్టు ఎంత నెమ్మదిగా నడిచినా, ఎంత తప్పు చేసినా, సరిదిద్దుకునే తలుపు ఒకటి తెరిచి ఉంచింది. ఆ తలుపులోంచే 2018లో హైకోర్టు ఆ కేసును సీబీఐకి అప్పగించింది. చటాన్‌పల్లిలో పూలు చల్లిన వారం తర్వాత, 2019 డిసెంబర్ 14న, తెనాలి శ్మశానంలో 12 ఏళ్ల కిందట పాతిపెట్టిన ఆ అమ్మాయి అవశేషాలను వెలికితీసి మళ్లీ పరీక్షకు పంపారు. కూతుర్ని చంపిందెవరో తెలుసుకోవడానికి ఆ తల్లి సమాధి తవ్వడానికైనా ఒప్పుకుంది. బాధితురాలి కుటుంబానికి కావలసింది ఎవడో ఒకడి శవం కాదని, నిజమని ఆమె ఇన్నేళ్లుగా చెబుతోంది. నిందితుడి హక్కుల కోసం నిలబడ్డ బాధితురాలి తల్లిని హక్కులవాదులు తయారు చెయ్యలేదు. తన బిడ్డకు న్యాయం కావాలంటే వేరే దారి లేదని ఆమెకు అనుభవమే నేర్పింది.

పోలీసు కాల్పుల్లో మరణం సంభవిస్తే ఏం చెయ్యాలో ఈ దేశానికి నేర్పింది కూడా మన రాష్ట్రమే. పౌరహక్కుల సంఘం ఆంధ్రప్రదేశ్ ఎన్‌కౌంటర్ల మీద చేసిన ఫిర్యాదుల్లోంచే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1996లో పద్ధతిని రూపొందించింది, 1997 మార్చిలో దాని అధ్యక్షుడు జస్టిస్ వెంకటాచలయ్య ముఖ్యమంత్రులందరికీ లేఖ రాశారు. 2009 ఫిబ్రవరిలో మన హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ప్రతి ఎన్‌కౌంటర్ మరణంలోనూ ఎఫ్‌ఐఆర్ పెట్టాలని, ఆత్మరక్షణ కోసం కాల్చామన్నది విచారణలో రుజువు చేసుకోవలసిన విషయమని చెప్పింది. దానిమీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2014 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టే 16 మార్గదర్శకాలిచ్చింది: స్వతంత్ర దర్యాప్తు, మేజిస్ట్రేట్ విచారణ, కాల్చిన వెంటనే పతకాలు, ప్రమోషన్లు ఇవ్వకూడదు. పోలీసు నిజంగానే ప్రాణం కాపాడుకోవడానికి కాల్చి ఉంటే ఈ నియమాలు అతనికి ఏ హానీ చెయ్యవు. కోర్టు అతన్ని గౌరవంగా వదిలేస్తుంది. ఆత్మరక్షణ హక్కు అతనికీ ఉంది, మనందరికీ ఉన్నట్టే.

కాబట్టి ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాల నుంచి అడగవలసింది కొత్త ఉరిశిక్షల చట్టాలు కాదు. ఫిర్యాదు తీసుకోని అధికారి మీద ఉన్న సెక్షన్‌ను నిజంగా వాడండి. ఎన్ని కేసుల్లో వాడారో ఏటా అసెంబ్లీలో చెప్పండి. ఫోరెన్సిక్ ల్యాబుల్లో, ప్రత్యేక కోర్టుల్లో ఖాళీలు నింపండి. వాకపల్లిలో దర్యాప్తును పాడుచేసిన అధికారులపై చర్య తీసుకోండి. సిర్పూర్కర్ కమిషన్ చెప్పినట్టు 10 మందిని విచారణకు నిలబెట్టండి. ఆ నివేదికను పోలీసు అధికారులు హైకోర్టులో సవాలు చేశారు, 2024 మేలో స్టే తెచ్చుకున్నారు. లాయర్లను పెట్టుకోవడం, సవాలు చెయ్యడం, స్టే అడగడం వాళ్ల హక్కు. ఆ హక్కును నేను పూర్తిగా సమర్థిస్తాను. ఆ స్టే తొలగించమని, విచారణ మొదలుపెట్టమని వాదించవలసిన బాధ్యత ప్రభుత్వ న్యాయవాదిది. ఆ వాదన ఎప్పుడు వినిపిస్తారని శాసనసభలో లేచి అడగడానికి ఒక్క ఎమ్మెల్యే అయినా కావాలి.